పదికి రెండు మార్కుల ఐస్‌క్రీం డబ్బా

పదేళ్లుగా నాకు అన్నం పెట్టిన ఇంట్లో, ఆ ఇంటావిడ అరవయ్యో పుట్టినరోజు నాడు, హాలు నిండా జనం చూస్తుండగా నా పరువు నేనే పెద్ద టీవీకెక్కించాను. వేలు పొరపాటున తగిలిందని మా ఆవిడ స్వాతికి చెప్పాను కానీ మీ దగ్గర దాచడమెందుకు, అది పచ్చి బద్ధకం. జరిగింది చెబుతాను, తిట్టాలనిపిస్తే తిట్టండి.

సిడ్నీకి వచ్చిన కొత్తలో నాకు రెండే వంటలు వచ్చు. ఒకటి నూడుల్స్. రెండోది ఇంకాస్త నీళ్లు పోసిన నూడుల్స్. ఊరి శివారు స్కోఫీల్డ్స్‌లో నలుగురం బ్రహ్మచారులం ఒక ఇల్లు తీసుకుని ఉండేవాళ్లం. మా నాన్నగారి స్నేహితుడి చెల్లెలు వసుంధర ఆంటీ, ఆవిడ భర్త డాక్టర్ అంకుల్ పక్కనే రౌస్ హిల్‌లో ఉంటారు. ఆవిడ నన్ను మొదటి ఆదివారం భోజనానికి పిలిచింది. రెండో ఆదివారం నుంచి పిలిచే శ్రమ కూడా లేకుండా నేనే వెళ్లిపోయేవాణ్ణి.

మనవాళ్ల ఇళ్లలో తిని చెయ్యి కడుక్కున్నంత మాత్రాన భోజనం పూర్తి కాదు కదా. బయల్దేరేటప్పుడు ఖాళీ ఐస్‌క్రీం డబ్బా నిండా కూరో సాంబారో పోసి చేతిలో పెడతారు.

"తీసుకెళ్లు నాయనా, రేపు ఆఫీస్‌లో లంచ్‌కి పనికొస్తుంది" అనేది ఆంటీ.

"ఎందుకాంటీ మీకు శ్రమ! అమృతమాంటీ, అమృతం!" అనేవాణ్ణి, డబ్బాని మాత్రం గట్టిగా పట్టుకుని.

ఇంటికి రాగానే మూత తీసి, ఫొటో తీసి, నా ప్రొఫైల్‌లో పెట్టి మార్కులు వేసేవాణ్ణి.

'ఆదివారం డబ్బా. సాంబారు 2/10. ముక్కలు కనిపించడం లేదు. ఆచూకీ తెలిసినవారు చెప్పగలరు.'

'ఆదివారం డబ్బా. మళ్లీ సొరకాయ. 1½/10. ఆ అర మార్కు డబ్బాకి.'

ఇందులో నా తప్పు సగమే. మిగతా సగం 'స్వీట్ రోజ్'ది. ఆవిడెవరో నాకు తెలియదు. ప్రొఫైల్లో మనిషి ఫొటో ఉండదు, ఒక గులాబీ ఉంటుంది. నేను డబ్బా పెట్టిన నిమిషంలో లైకు పడేది, దాని వెనకే పగలబడి నవ్వే బొమ్మలు ఆరు. ఇరవై ఆరేళ్ల బ్రహ్మచారి జోకులకు ఒక గులాబీ నవ్వుతోందంటే వాడు ఊరుకుంటాడా చెప్పండి. ఆ నవ్వు కోసం సాంబారులో ఇంకో రెండు బిందెల నీళ్లు నేనే పోసి రాశాను. ఒకరోజు ధైర్యం చేసి మెసేజ్ కూడా పెట్టాను: 'మీకు వంట వచ్చాండీ?'

'ఏదో, పదికి రెండు మార్కులొచ్చేంత' అని జవాబు వచ్చింది. ఎంత చమత్కారమో అని వారం రోజులు నాలో నేనే మురిసిపోయాను.

తర్వాత స్వాతితో నా పెళ్లి కుదిరింది. కుదిర్చింది కూడా వసుంధర ఆంటీయే. అప్పుడు బుద్ధొచ్చి పాత పోస్టులన్నీ గంపగుత్తగా ఆర్కైవ్ చేసేశాను. అంటే పారేయకుండా, ఎవరికీ కనపడకుండా అటకెక్కించడమన్నమాట. శుభ్రంగా తీసిపారేయొచ్చుగా అని మీరడగవచ్చు. ఆ ఆరేసి నవ్వుబొమ్మలు వదులుకోవడానికి మనసొప్పలేదు.

మొన్న ఆంటీ పుట్టినరోజుకి బయల్దేరుతుంటే స్వాతి గుర్తు చేసింది.

"ఆంటీ పెరట్లో కరివేపాకు మొక్క నాటినప్పటి ఫొటో మీ దగ్గరుందన్నారుగా. టీవీలో చూపిద్దాం, సర్‌ప్రైజ్‌గా ఉంటుంది."

ఆ ఫొటో పాత ఫోన్‌తో పాటే పోయింది. ఇక మిగిలింది అటక మీదున్న ఒక్కటే. ఆ అటక ఎక్కడుందో వెతకడానికే పావుగంట పట్టింది. తీరా తెరిస్తే వంద దాకా బుల్లి బుల్లి గళ్లు, గడికో డబ్బా. వాటి మధ్య కరివేపాకు మొక్కని ఎక్కడని వెతకను? బయట స్వాతి కారు హారన్ కొడుతోంది. 'అన్నీ ఎంచుకో' నొక్కాను. 'తిరిగి ప్రొఫైల్‌లో చూపించు' నొక్కాను. పాతవి పాత తేదీల్లోకే వెళ్లి కూర్చుంటాయి, పదేళ్ల లోతుకి ఎవరు దిగుతారు, సాయంత్రం మళ్లీ ఎక్కించేద్దాం అనుకున్నాను.

అక్కడ ఫోన్‌ని టీవీకి కలిపి ఆ ఫొటో చూపించాను. అందరూ చప్పట్లు కొట్టారు.

"అప్పట్లో మా డాక్టరుగారికి జుట్టుండేది, చూశారా!" అని ఆంటీ కళ్లు తుడుచుకుంది. అక్కడితో ఆగితే బావుండేది. పక్కనే ఉన్న మా ఏడేళ్ల అమ్మాయి సిరితో, "ఇంకా పాతవి ఉన్నాయేమో చూపించవే తల్లీ" అంది.

నేను లేచేలోగా సిరి ఫోనందుకుని వేలితో ఒక్క తోపు తోసింది. గోడంత టీవీ మీద ఐస్‌క్రీం డబ్బా ప్రత్యక్షమైంది. సిరికి తెలుగు చదవడం రాదు. అంకెలు మాత్రం ఏ దేశంలోనైనా అంకెలే.

"నాన్నా, వై ఓన్లీ టూ అవుటాఫ్ టెన్?"

"అది మార్కులు కాదమ్మా, తేదీ. అక్టోబరు రెండు."

"బట్ ద నెక్స్ట్ వన్ ఈజ్ వన్ అండ్ ఎ హాఫ్!"

అక్టోబరు ఒకటిన్నర ఏ క్యాలెండర్‌లో ఉందో నాకు తోచలేదు. ఆంటీ కళ్లజోడు పెట్టుకుని టీవీ దగ్గరకి నడిచింది. నాకు నిజంగా భయమేసింది. జ్వరంతో పడుంటే ఫ్లాస్కులో చారు పట్టుకుని వచ్చిన మనిషి ఆవిడ. ఆ తలుపు నాకు మూసుకుపోతే ఈ దేశంలో నాకింకో పుట్టిల్లు లేదు.

"సారీ ఆంటీ. ఏదో తెలియని వయసులో..."

"ఉండు. ఇది కాదు, గోంగూర పచ్చడిది ఏదీ? దీంతో గోడ పగుళ్లు పూడ్చుకోవచ్చని రాశావు, అది బావుంటుంది."

"అది... మీకెలా తెలుసాంటీ?"

ఆంటీ అంకుల్ వంక చూసింది. అంకుల్ అప్పటికే పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. "చెప్పెయ్ వసూ, పదేళ్లు దాచాం, ఇంక నా వల్ల కాదు."

ఆంటీ తన ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టింది. తెర మీద గులాబీ.

"సండే నువ్వు ఇంటికి బయల్దేరగానే ఇద్దరం సోఫాలో కూర్చుని వెయిట్ చేసేవాళ్లం, ఈ వారం ఎన్ని మార్కులో అని. పెళ్లికి ముందు మాయం చేసేశావు, వీకెండ్లు చప్పబడిపోయాయి మాకు."

"మరి ఆ సొరకాయ?"

"ఇంకోసారి సొరకాయ పెడితే ఇండియా ఫ్లైట్ ఎక్కేస్తానని రాశావుగా. ఎక్కుతావేమో చూద్దామని ఇరవై వారాలు వరసగా పెట్టా. ఎక్కలేదు సరిగదా, అమృతం అంటూ మారు వడ్డించుకున్నావు!"

స్వాతి మెల్లగా అడిగింది. "ఈ స్వీట్ రోజ్‌కి మెసేజ్‌లు కూడా పెట్టారా ఈయన?"

"ఆఁ, పెట్టాడమ్మా. వంట వచ్చా అన్నాడు. తర్వాత 'మీ నవ్వు ఒక్కసారి చూడాలనుందండీ' అన్నాడు." ఆంటీ నా వైపు తిరిగింది. "చూడు నాయనా, ఇదిగో."

అని నోరారా, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. హాలంతా ఆవిడతో కలిసింది. స్వాతి నవ్వు అందరికంటే ఒక నిమిషం ఎక్కువే సాగింది.

ఆ కేకు సాక్షిగా అప్పుడే ప్రతిజ్ఞ చేశాను. ఇకపై ఆర్కైవ్‌లో 'అన్నీ' అనే మాట జోలికి పోను. గులాబీలని వంట గురించి అడగను. ముఖ్యంగా, ఎవరింటి వంట గురించీ ప్రాణం పోయినా నిజం చెప్పను.

వచ్చేటప్పుడు ఆంటీ ఐస్‌క్రీం డబ్బా చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి మూత తీస్తే సొరకాయ కూర. ఫొటో తీసి 10/10 అని పెట్టాను. నిమిషంలో గులాబీ లైకు పడింది. కూర నిజంగా ఎలా ఉందో మాత్రం అడక్కండి, ప్రతిజ్ఞ చేసినవాణ్ణి.