బ్రిజితమ్మ నేర్పిన ఒక్క విశేషణం

మా చిన్నప్పుడు... మొయినాబాద్ చుట్టూ జొన్నచేలల్లో ప్లాట్ల హద్దురాళ్లు పాతుతున్న రోజులు. మా అమ్మ మిషన్ బడిలో వంట చేసేది. ఆమెను అవ్వా అని పిలిచేవాళ్లం. బడి వెనక గదిలో బ్రిజితమ్మ ఉండేవారు. ఐర్లండ్ నుంచి వచ్చి, రెండు తరాల పిల్లలకు ఇంగ్లీషు చెప్పి, ఇక్కడే ముసలివారైపోయిన టీచర్.

"మీ ఇంటి భాషల ఒక్క మాట చెప్పుర్రి టీచర్" అని ఓసారి అడిగాను.

"బొఖ్త్" అన్నారు. ఐర్లండ్ సొంత భాషలో గరీబు అని అర్థం... పాపం అని కూడా. మన భాషలోలా ముందు కాదు, మనిషి తర్వాత వస్తుందట. మగమనిషైతే "ఫార్ బొఖ్త్". ఆడమనిషైతే "బాన్ వొఖ్త్".

"మరి బ ఎటు వోయింది టీచర్?"

"ఆడమాట ఎనక వస్తే మెత్తబడ్తది బిడ్డా" అని నవ్వారు. ఆమె తెలుగు అచ్చం మా ఊరి తెలుగే.

నేను పదో తరగతికి వచ్చేసరికి ఆమెకు మతిమరుపు ముదిరింది. ముందు మా పేర్లు పోయాయి. తర్వాత తెలుగు... ఆ వెనకే ఇంగ్లీషు. చివరికి మాలో ఎవరికీ రాని ఆ ఇంటి భాష ఒక్కటే మిగిలింది. అవ్వే గంజి తాగించేది, ఒళ్లు తుడిచేది.

ఒక మధ్యాహ్నం బ్రిజితమ్మ అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుని ఏదో చెబుతూనే ఉన్నారు. కళ్ల నిండా నీళ్లు.

"నీకు నేర్పింది గదనే... ఏమంటున్నది?" అవ్వ నన్ను కుదిపేసింది.

అన్ని మాటల్లో నాకు అందింది ఒక్కటే... వొఖ్త్.

"ఎవరో ఆడమనిషిని పాపం అంటున్నది అవ్వా."

అవ్వ ఏడ్చేసింది. "నన్నే... నా కష్టం జూసి నన్నే అంటున్నది."

అవునన్నాను. మూడో రోజు బ్రిజితమ్మ పోయారు. ఆ ఏడాదే బడి మూతపడింది.

హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చాక, ఓ రోజు ఆఫీసు కంప్యూటర్లో ఆ భాష వ్యాకరణం వెతికి చదివాను. ఆడమాట అంటే ఆడమనిషే కానక్కర్లేదట. దేశం స్త్రీలింగం. బడి స్త్రీలింగం. అమ్మాయి మాత్రం పుంలింగమట!

మరి ఆ రోజు ఎవరిని... దేన్ని పాపం అన్నారు? ఇంటికి పంపమని బతిమాలారేమో. మంచినీళ్లే అడిగారేమో. మిగతా మాటలు నాకు గుర్తు కూడా లేవు.

అవ్వకు ఈ సంగతి చెప్పలేదు. ఆమె కూడా పోయి చాలా ఏళ్లయింది.

ఇప్పుడు ఆ గది ఉన్నచోట వెంచర్ గోడ. ఏ భాషనైనా ఫోన్ క్షణంలో తెలుగు చేసి పెడుతుంది... అప్పుడు మంచం పక్కనే కూర్చుని కూడా ఒక మనిషి ఆఖరి మాట అందుకోలేకపోయాం.

అర్థం కాకుండానే మిగిలిపోయిన మాట మీ దగ్గరా ఉంటే రాయండి... చదువుతాను. నా మాటకు అర్థం చెప్పేవాళ్లు మాత్రం ఇక ఎవరూ లేరు.