సంచి లోపలి కుట్టు

ఏ ఊరు వెళ్ళినా అక్కడి గుర్తుగా ఒక వస్తువు తెచ్చుకోవడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. విజయవాడలో మా ఇంటి అలమర నిండా అవే. వాటిలో నాకు బాగా ఇష్టమైనది ఒక ఎగ్జిబిషన్‌లో కొన్న భుజం సంచి. ఎర్రటి గుడ్డ మీద అద్దాలు, గవ్వలు కుట్టిన లంబాడా పనితనం. మిర్యాలగూడ వైపు తండాల నుంచి వచ్చిందని అమ్మినతను చెప్పాడు. అలాంటిది ఇంకొకటి, ఈసారి కుట్టినవాళ్ల దగ్గరే కొనాలని మొన్న చలికాలంలో బయల్దేరాను.

ఉదయం ఆరింటికి బస్సెక్కితే ఎనిమిది దాటాక కోదాడ వచ్చింది. అక్కడ టిఫిన్ చేసి, హుజూర్‌నగర్ మీదుగా ఇంకో గంటన్నర ప్రయాణిస్తే మిర్యాలగూడ. ఊరి పొలిమేరల్లోనే రైస్ మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన ముక్కుకు తగిలింది. బస్టాండు బయట ఒక ఆటో అతను, తండాకు తీసుకెళ్లి, ఆగి వెనక్కి తీసుకొచ్చేదానికి కలిపి ఐదొందలు అడిగాడు. "వేములపల్లి దాటినంక తండా ఉంటది మేడం. కానీ గాడ దుకాణాలుండవు, జర సూస్కోండ్రి" అని ముందే చెప్పాడు.

తండాలో తనకు తెలిసిన మంగ్లి అనే ఆమె ఇంటి ముందు దింపాడు. డెబ్బై ఏళ్లు ఉంటాయి. ఎండలో కూర్చుని కందులు ఏరుతోంది. పక్కన డిగ్రీ చదివే మనవరాలు సునీత. నా సంచి చేతికిచ్చి, "ఇలాంటిది కావాలి అవ్వా" అన్నాను.

ఆమె పైన ఉన్న అద్దాలను చూడనే లేదు. సంచిని తిరగేసి, లోపలి అస్తరు ఊడిన చోట వేళ్లు దూర్చి, చాలాసేపు కుట్టును తడిమింది.

"ఇది సంచి కాదు బిడ్డా, రవికె. ఇది ఎదురు తునక, ఇది చెయ్యి. ఎవరో కత్తిరించిన్రు" అంది. మళ్లీ తడిమి, "ఇద్దరు కుట్టిన్రు. గీడిదాంక కుట్టు సన్నగున్నది, ఈడికెల్లి దారం వదులైంది. తల్లి మొదలువెట్టింది, బిడ్డ పూర్తిచేసింది."

"తల్లీబిడ్డలని ఎలా తెలుసు?"

"ఈ అద్దం సూడు. సగం సుట్టు ఒకరిది, సగం ఇంకొకరిది. నేర్పేటప్పుడు తల్లి సగం కుట్టి ఇడుస్తది. మా అమ్మ నాకు గట్లనే ఇడిసింది."

రెండేళ్లుగా ఆ అద్దం నా భుజానికి వేలాడుతోంది. అందులో తాళాలు, నీళ్ల సీసా కుక్కుకుని తిరిగాను.

సునీత వాళ్ల భాషలో ఏదో అడిగింది. మంగ్లి నాకూ అర్థమయ్యేలా తెలుగులో జవాబిచ్చింది. "ఎన్నడు చెప్పలే అంటున్నది" అని నాతో అని, మనవరాలి వైపు తిరిగి, "నువ్వెన్నడడిగినవ్ మరి?" అంది.

సునీత లోపలికి వెళ్లి పెట్టెలోంచి నాయనమ్మ పెళ్లి బట్టలు తెచ్చింది. లంగా రెండు చేతులతో ఎత్తితే గానీ లేవలేదు. ఎండలో దులపగానే గోడంతా వెలుగు చుక్కలు పరుచుకున్నాయి. సునీత ఆ పెళ్లి బట్టల్లోని రవికె అంతా వెతికి, ఒక అద్దం మీద వేలు ఆపింది. సగం కుట్టు సన్నం, సగం వదులు.

"పాత బట్టలు కొనే ఆయన రేపొస్తడు, అన్నీ ఇచ్చేద్దామనుకున్నం మేడం" అంది నెమ్మదిగా. "ఇగ ఇయ్యం."

నిజం చెప్పాలంటే, ఆ రవికె చూసిన క్షణంలో ధర అడగాలని నాకూ నోటిదాకా వచ్చింది. సిగ్గుపడి ఊరుకున్నాను.

బయల్దేరబోతుంటే మంగ్లి నా సంచి మళ్లీ అడిగింది. దాని మీద ఒక అద్దం రాలిన చోట తన కుట్టు డబ్బాలోని అద్దం బిళ్ల పెట్టి, చుట్టూ కుట్టడం మొదలుపెట్టింది. సగం కాగానే ఆగి, సూదిని సునీత చేతికిచ్చింది. ఆ మిగిలిన సగానికి గంట పట్టింది. నేను ఆటో అతన్ని బతిమాలి కూర్చోబెట్టాను.

సాయంత్రం సూర్యాపేట మీదుగా తిరిగొస్తూ ఆలోచించాను. నా అలమరలోని ప్రతి వస్తువునూ ఏ ఊళ్లో కొన్నానో చెప్పగలను. ఎవరు చేశారో ఒక్కదానికీ చెప్పలేను. ఆ పేర్లు ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. ఒక్క అద్దానికి మాత్రం రెండు పేర్లు తెలుసు.

వెళ్లాలనుకునేవారికి ఒక సూచన: నాట్లు, పత్తితీత రోజుల్లో పగలు తండాలో ఎవరూ ఉండరు. పనులు లేని రోజులేవో ఎవరినైనా అడిగి తెలుసుకుని, మధ్యాహ్నంలోపు చేరుకోండి. తిరుగు బస్సు గురించి తొందరపడకుండా ఒక పూట చేతిలో ఉంచుకోండి.