నేను కొట్టేసిన ఒక్క లైను

ఒక తల్లి గొంతును అర క్షణంలో, ఒక్క ఎంటర్ మీటతో, సున్నా చేసిన మహాతల్లిని నేను. అదీ ఆ తల్లి కొడుకును పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, "చూడండి భాయ్, ఎంత సులువో!" అని చూపిస్తూ. నవ్వుకోవాలనుకునేవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. నేను అడ్డురాను.

రెండు వేల తొలి ఏళ్ల సంగతి. మలక్‌పేటలో మా ఇంట్లో కొత్త కంప్యూటరు, అందులో పాటలను కోసి, కడిగి, శుభ్రం చేసే ఒక ఉచిత సాఫ్ట్‌వేరు ఉండేవి. దానికి బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్లటి తెర మీద ఆజ్ఞ టైపు చెయ్యాలి. ముందు ఏ ఫైలు చదవాలో దాని పేరు, తర్వాత ఏ ఫైలులో రాయాలో దాని పేరు, ఆపైన ఏం చెయ్యాలో. పని మాత్రం బంగారం. దాని మాన్యువల్ మాత్రం తెలిసినవాడికి తెలిసిందే చెప్పే పుస్తకం. తెలియనివాడు చదివితే ఉన్న తెలివీ పోయేది.

నేను ఊరుకునే రకమా? బస్ కండక్టరుతో చిల్లర గురించి మొదలుపెట్టి రాజ్యాంగం దాకా వెళ్లే మనిషిని. ఆ సాఫ్ట్‌వేరు వాళ్లంతా ఉత్తరాలు రాసుకునే మెయిలింగ్ లిస్టులో దూరి, "మీ మాన్యువల్ రాసినవాళ్లు దాన్ని ఒక్కసారైనా చదివారా?" అని అడిగాను. దాన్ని నడిపే పెద్దమనిషి ఏదో చలిదేశంలో ఉండేవాడు. జవాబు కూడా అంతే చల్లగా ఇచ్చాడు: "అయితే మీరే రాయండి."

రాశాను! నాలుగు నెలలు. ప్రతి ఆజ్ఞనూ నేనే వేసి చూసి, ప్రతిదానికీ ఒక ఉదాహరణ పెట్టాను. టేపులోని గుయ్‌మనే రొద తీయడం ఎలాగో, చాటలో బియ్యం చెరిగి పొట్టు తీసినంత విడమరిచి చెప్పాను. ఎక్కడెక్కడి వాళ్లో "ఇన్నాళ్లకు అర్థమైంది" అని రాశారు. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా మెడ రెండంగుళాలు పొడుగవుతుంది. అవనివ్వండి, కష్టపడి పెంచుకున్న మెడ.

కానీ పాత మాన్యువల్లో ఒక లైను ఉండేది: "చదివే ఫైలుకూ రాసే ఫైలుకూ ఒకే పేరు ఇవ్వకండి, మొదటిది చెరిగిపోతుంది." దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు, రాసేవాడికి చదివేవాడు మరీ లోకువా? "ఒకే పేరు రెండుసార్లు రాసే మూర్ఖుడు ఎవడైనా ఉంటాడా? పాఠకుణ్ణి అవమానించకండి" అని వాదించాను. ఐదు రోజులు. ఆరో రోజు పెద్దమనిషి "సరే, తీసేయండి" అన్నాడు. నా వాదన నచ్చి కాదు, నాతో పడలేక. నేను విజయంగానే లెక్క వేసుకున్నాను.

ఇప్పుడు ఖాజా భాయ్. పత్తర్‌గట్టిలో ఆయనది కాసెట్ల దుకాణం. నా చిన్నప్పటి నుంచి ఎరుగుదును. ఏ కాసెట్ చేతికొచ్చినా అంచున ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కలు టక్‌మని విరగ్గొట్టేవాడు. అవి విరిగితే ఆ టేపు మీద ఇంకోటి రికార్డు కాదు.

"ఏంది భాయ్, గంత భయమా? మేమేం చిన్నపోరలమా?" అనేదాన్ని.

"సుగుణమ్మా, మనిషిని నమ్మొచ్చు. మనిషి ఏలును నమ్మొద్దు" అనేవాడు.

ఆయన కూతురి పెళ్లి దగ్గరపడింది. చనిపోయిన ఖాజా భాయ్ తల్లి ఢోలక్ మీద పాడిన పెళ్లిపాటల కాసెట్ ఒకటే ఒకటి ఇంట్లో మిగిలింది. రొద తీసిస్తే ఆడవాళ్లంతా నానమ్మ గొంతుతో కలిసి పాడతారట. నేను టేపును 'అమ్మీ' అనే పేరుతో ఫైలుగా కంప్యూటర్లోకి ఎక్కించి, కాసెట్‌ను ఖాజా భాయ్ భార్య మెహరున్నీసాకు ఇస్తూ ఒక ఉచిత సలహా కూడా పారేశాను: "ఇగ దీంతోని పనేముంది? దీని మీదనే పిల్ల ఫంక్షన్ రికార్డు చేసుకోరాదు!"

మర్నాడు ఖాజా భాయ్ వచ్చాడు. స్టూలు వేశాను. నా మాన్యువల్ ప్రింటు తెరిచి, గర్వంగా ఆజ్ఞ కొట్టాను. ఎంటర్.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది."

"ఇనిపియ్యి మరి."

వినిపించాను. రొద లేదు. ఢోలక్ లేదు. అమ్మ కూడా లేదు. ఫైలు సైజు సున్నా.

"మస్తు సాఫ్ జేసినవ్" అన్నాడు ఖాజా భాయ్, మెల్లగా. "అమ్మీ యాడబోయింది?"

తెర మీద ఆజ్ఞ చూశాను. అమ్మీ అని ఒకసారి, పక్కనే మళ్లీ అమ్మీ అని. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసు పక్కనున్న బోర్డు పీకేసి, ఆ బోర్డు మీదే కాలు జారాను.

"భాయ్... టేపు?"

"ఇంట్లుంది. నువ్వే జెప్తివి గద. ఇయ్యాల పొద్దుగాల పిల్లకు పసుపు రాసే రసమ్, గదే ఫంక్షన్. మెహరున్నీసా దాని మీదనే రికార్డు పెడ్తనన్నది."

ఆటోలో జహనుమాలోని వాళ్లింటి దాకా నేను అడిగింది ఒక్క ప్రశ్నే. మా ఇంట్లో వాళ్లు ఈ మాట నమ్మరు.

"భాయ్, ముక్కలు ఇరగ్గొట్టినవా?"

"యాదికొస్తలేదమ్మా. అది దుకాణం మాల్ కాదు, ఇంటి టేపు." ఆయన ఆటోవాణ్ణి తొందరపెట్టాడు.

గుమ్మంలోనే మెహరున్నీసా ఎదురైంది. "ఏం డబ్బా రేడియో తెచ్చిర్రు జీ! పొద్దటిసంది గుద్దుతున్న. రికార్డు బటన్ దబ్‌తాచ్ నై, లోపలికి పోతనే లేదు! రసమ్ అంతా అయిపోయింది, ఒక్క పాట ఎక్కలే!"

ఖాజా భాయ్ కాసెట్ తీసి వెలుతురుకు పట్టాడు. అంచున రెండు చిన్న గుంటలు. ఎప్పుడు విరగ్గొట్టాడో ఆయనకే తెలియదు, కానీ విరగ్గొట్టాడు. ఆ గుంటల్ని వేలితో తడిమి నావైపు చూశాడు. ఒక్క మాట అనలేదు. అంటే నేను వాదించేదాన్ని. అందుకే ఆ దెబ్బ ఇంకా నొప్పి.

టేపు మళ్లీ మా ఇంటికి వచ్చింది, మెహరున్నీసా ఒళ్లో. పని అయ్యేదాకా నా చేతికివ్వలేదు. "దూరంకెల్లి జెయ్యి" అంది. పెళ్లిలో నానమ్మ ఎంత స్పష్టంగా పాడిందంటే, ముసలావిడ ఒకామె వెనక్కి తిరిగి ఎవరు పాడుతున్నారా అని వెతికింది. ఆ శుభ్రం నా చేతిదే. ఇది మాత్రం రాసి పెట్టుకోండి.

తర్వాత లిస్టుకు రాశాను: "ఆ లైను తిరిగి పెట్టాలి."

పెద్దమనిషి నా పాత ఉత్తరం వెతికి తీశాడు. "ఒకే పేరు రెండుసార్లు రాసే మూర్ఖుడు ఉంటాడా అని అడిగారు. దొరికాడా?"

"దొరికింది. ఈ ఉత్తరం రాస్తున్నది ఆవిడే" అన్నాను.

లైను తిరిగి వచ్చింది, ఈసారి మొదటి పేజీలో, లావు అక్షరాల్లో. దాని కింద ఖాజా భాయ్ మాట ఇంగ్లీషులో: మనిషిని నమ్మండి, వేలిని నమ్మకండి. దాన్ని ఉంచాలని మరో వారం వాదించి గెలిచాను.

కనుక, విరిగిన ఆ రెండు ప్లాస్టిక్ ముక్కల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మరే హెచ్చరికనూ కొట్టెయ్యను. వాదన మానేస్తానని మాత్రం అనలేదు. కావాలంటే పైకి వెళ్లి చదువుకోండి, మానేస్తానన్న లైను నేను కొట్టెయ్యలేదు, అసలు రాయనేలేదు.