హెల్కా తీసేసిన నిమిషాలు

ఏడాదిపాటు హెల్కా తన గురువారం సాయంత్రాలను తన చేత్తోనే పోగొట్టుకుంది. ఆమె మీద ఎవరూ అరవలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. కంప్యూటర్ తెర మీద ఒక చిన్న పెట్టె మర్యాదగా ప్రశ్న అడిగేది, ఆమె మర్యాదగా జవాబిచ్చేది. ఆ జవాబుకి శిక్షగా, అందరూ వెళ్ళిపోయాక కూడా కూర్చుని పని చేసేది. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

మాది ఫిన్లండ్‌లోని తంపెరె ఊళ్ళో క్రేన్లకీ లిఫ్టులకీ వాడకం పుస్తకాలు రాసే ఆఫీసు. ఏ బోల్టు ముందు విప్పాలో మేం రాసినదాన్ని నమ్మి మరమ్మతువాళ్ళు పైకెక్కుతారు. ఉద్యోగుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే బాధ్యత నాది. హెల్కా ఫిర్యాదు చేసి ఉంటే ఎప్పుడో తెలిసేది. ఆమె చెయ్యలేదు. నాకు అనుమానం తెప్పించింది ఒక తువ్వాలు.

గురువారం వస్తే ఆమె కుర్చీ వెనక ఒక గుడ్డ సంచి వేలాడేది, అందులో మడతపెట్టిన తువ్వాలు. వాళ్ళ బిల్డింగు కింది అంతస్తులో అందరూ వంతులవారీగా వాడుకునే సౌనాలో, అంటే ఆవిరి స్నానాల గదిలో, ఆమె వంతు ఆ సాయంత్రమే. పక్కింటి ముసలావిడ లెంపి కూడా ఆ వంతులోనే వస్తుంది. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి చెయ్యి పట్టుకునేవాళ్ళు లేకుండా లెంపి ఆ వేడి గదిలో బల్ల ఎక్కలేదు. శుక్రవారం పొద్దున చూస్తే సంచి అక్కడే, తువ్వాలు మడత చెదరకుండా.

"ఏమే, స్నానానికి వెళ్ళలేదా?" అన్నాను ఒకరోజు.

"గంటలు పూర్తవ్వలేదు."

"అందరికంటే ముందొస్తావు కదా!"

"వస్తాను."

అంతే. మా ఊళ్ళో అంతకు మించి ఎవరూ తవ్వరు. నాకు మాత్రం ఆగలేదు. ముందొచ్చి ఆఖర్న వెళ్ళే మనిషికి గంటలు ఎలా తగ్గుతాయి? కాఫీ కప్పు పట్టుకుని ఆమె పక్కన చేరాను.

క్రేన్ల యార్డులో మరమ్మతులు చేసే తైస్తోకి ఆమె ఫోన్ చేసింది, నాకూ వినబడేలా స్పీకర్ పెట్టి.

"తైస్తో, కొక్కెం మార్చేటప్పుడు గొలుసు బిగించడం ముందా, పిన్ను తియ్యడం ముందా?"

"ఊఁ," అన్నాడు తైస్తో. ఆ తర్వాత ఏమీ లేదు.

లైను తెగిందేమో అనుకున్నాను. హెల్కా కిటికీలోంచి గడ్డకట్టిన సరస్సును చూస్తోంది. వేళ్ళు గాల్లో దేన్నో విప్పుతున్నాయి. అటువైపు కూడా ఇదే జరుగుతూ ఉండాలి. నా కాఫీ చల్లారిపోయింది.

"గొలుసు," అన్నాడు చివరికి. "పిన్ను ముందు తీస్తే కొక్కెం కిందున్నోడి నెత్తి మీద పడుద్ది."

"నేనూ అదే అనుకున్నా. పాత పుస్తకంలో తిరగేసి ఉంది."

"మార్చు మరి. ఉంటా."

వెంటనే తెర మీద పెట్టె లేచింది. 'ఇంతసేపు మీరు పనిలో లేరు. ఈ సమయాన్ని ఉంచాలా, తీసెయ్యాలా?' మా పని గంటలు లెక్కపెట్టే ప్రోగ్రాం అది; కీబోర్డూ మౌసూ కదలకపోతే దాని దృష్టిలో మనిషి లేనట్టే, తీసేసిన నిమిషాలను సాయంత్రం కూర్చుని పూడ్చాల్సిందే. హెల్కా 'తీసెయ్' నొక్కింది.

"అదేంటి! ఇప్పుడేగా ఒకడి తల కాపాడావు!"

"కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను కదా."

"ఆలోచిస్తూ!"

"ఆలోచించాను. మధ్యలో సరస్సు మంచు మీద స్కీలు కట్టుకుని జారిపోతున్న ఒకాయన టోపీ కూడా చూశాను. బావుంది. అదీ పనేనా? తేల్చుకోలేనప్పుడు తీసేస్తాను. అబద్ధమాడమంటావా ఏంటి?"

మిగతావాళ్ళను వాకబు చేశాను. అందరూ చదవకుండానే 'ఉంచు' నొక్కేస్తున్నారు. అంటే ఆ పెట్టె సోమరులను పట్టుకోవడం లేదు. దాని ప్రశ్నను నిజంగా చదివేవాళ్ళనే పట్టుకుంటోంది.

"నిన్న లెంపి తలుపు కొట్టింది," అంది హెల్కా, నేను తిరిగి ఆమె దగ్గరికి వచ్చేసరికి. "'నువ్వెలాగూ రావు, మీరు రాసే లిఫ్టుల్లో ఒకటి తెచ్చి నన్ను బల్ల మీద కూర్చోబెట్టు' అని. ఈ నెల కూడా వాడకపోతే మా వంతు వేరే ఇంటికి ఇచ్చేస్తారట."

మర్నాడే ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసు పెద్ద ఓస్మో దగ్గరికి వెళ్ళాను.

"తీసెయ్యమని ఎవరన్నారు?" అన్నాడు ఓస్మో. "ఉంచుకోవచ్చు కదా."

"అది అడిగే తీరు చూడు. పనిలో లేవని ముందే తీర్పు చెప్పేసి, ఆ తర్వాత నీ ఇష్టం అంటోంది."

ఓస్మో జవాబివ్వలేదు. మేమూ ఊరుకున్నాం. మా దగ్గర మాటల మధ్య నిశ్శబ్దం ఎవరికీ ఇబ్బంది కాదు. బయట మంచు తోసే బండి ఈ చివరి నుంచి ఆ చివరికి పోయి, తిరిగి వచ్చింది. ఇంతలో ఓస్మో ల్యాప్‌టాప్ టింగుమంది. చూడకుండానే ఏదో నొక్కాడు.

హెల్కా ముందుకు వంగింది. ఆమె కళ్ళలో ఎత్తిపొడుపు లేదు, తెలుసుకోవాలన్న కుతూహలమే.

"ఓస్మో, ఏం నొక్కావు?"

"ఏంటీ? ఆ... 'ఉంచు'."

"ఇంతసేపూ ఏం చేశావు?"

"ఆలోచించాను."

"మంచు బండిని చూశావు."

"చూస్తూ ఆలోచించాను!"

"ఊఁ," అంది హెల్కా, తైస్తో లాగే.

ఓస్మో చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత పగలబడి నవ్వాడు. సెట్టింగుల్లో వెతికితే ఆ ప్రశ్నను పూర్తిగా ఆపేసే మీట దొరికింది. కొన్న రోజు నుంచీ ఎవరూ ఆ పేజీ తెరవలేదట! హెల్కా ఒక్కదానికి ఆపుతానన్నాడు. కుదరదు, అందరికీ ఆపాలన్నాను. వేసవి దాకా ఆపి చూద్దామన్నాడు. వేసవిలో మళ్ళీ కొట్లాడతాను. పోయిన సాయంత్రాలను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు, ఇవ్వలేరు కూడా.

ఆ గురువారం హెల్కా అందరితోపాటే సంచి తగిలించుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున నన్ను చూడగానే, "లెంపి పై బల్ల ఎక్కింది. దిగనంటే బతిమాలాల్సొచ్చింది," అంది.

మీ తెర మీద కూడా ఇలాంటి పెట్టె లేస్తుంటే, నాదొక్కటే విన్నపం. రేపు పక్క కుర్చీలోని మనిషిని 'నువ్వేం నొక్కుతున్నావు?' అని అడగండి. 'తీసెయ్' అని ఒక్కరు చెప్పినా, ఆ మనిషిని ఒంటరిగా పంపకండి. అందరూ కలిసి మీ పై అధికారి దగ్గరికి వెళ్ళి, ఆ సెట్టింగుల పేజీ మీ కళ్ళ ముందే తెరిపించండి.