మెడలో అరిగిన టైబీరియస్

1974లో నేను నగరంలోని ఒక మ్యూజియంలో, నాణేల విభాగంలో టెక్నికల్ అసిస్టెంట్‌గా చేరాను. మనుషులతో మాట్లాడే పని తక్కువని కోరి వేయించుకున్న పోస్టింగ్ అది.

ఆ వేసవిలో చందానగర్ దగ్గర పునాది తవ్వుతుంటే ఒక కుండ బయటపడింది. దాని నిండా రోమన్ వెండి నాణేలు. భూమిలో దొరికిన నిధి ప్రభుత్వానిదే కాబట్టి పోలీసులు కుండతో పాటు, అక్కడ మట్టి మోస్తున్న మల్లమ్మ మెడలోని చిల్లు నాణెం కూడా తీసుకున్నారు. అదీ కుండలోదేనని వారి అనుమానం. అన్నిటినీ గుర్తింపు కోసం మాకు పంపారు.

రోమన్ నాణెంపై అక్షరాలు అంచు చుట్టూ తిరుగుతాయి. పదాల మధ్య ఖాళీ ఉండదు, బిరుదులను సగంలో తుంచేస్తారు. ఎక్కడ మొదలైందో పట్టుకోవడానికే కళ్లు లాగేస్తాయి. కుండలోవన్నీ టైబీరియస్ చక్రవర్తివి. మల్లమ్మ నాణెంపై చిల్లు రెండు అక్షరాలను తినేసినా, మిగిలినవి ఆ పేరే చెప్పాయి. నేను చదివిన ఆ పేరే ఆమెకు ఎదురు తిరిగింది.

ఆమె మా ఆఫీసుకు వచ్చింది. “అన్నీ ఒకే రాజువైతే నీదొక్కటీ వేరని ఎలా నమ్మమంటావమ్మా?” అన్నారు మా క్యూరేటర్.

“రాజెవడో నాకెర్క లేదు సారూ. మా అత్త ఎర్క. సచ్చేముందు ఆమెనే నా మెడల ఏసింది.”

ఆమె వెళ్లాక నాణెం మళ్లీ లెన్స్ కింద పెట్టాను. కుండలోవాటికి రెండు వైపులా అక్షరాలు పదునుగా ఉన్నాయి. దీనికి బొమ్మ వైపు మాత్రమే మిగిలాయి. ఒంటికి ఆనే వెనక వైపు నున్నగా అరిగిపోయింది. తాడు ఒరిపిడికి చిల్లు పైకి సాగింది. కుండ బయటపడ్డాక ఈ నెల రోజుల్లో అయ్యే పని కాదు.

చూపిస్తే క్యూరేటర్‌గారు నిట్టూర్చారు. “అమ్మాయ్, మనం చదివేది అక్షరాలు, మెడలు కాదు. నివేదికలో రాస్తానంటే రాయి. విచారణకు పిలిస్తే మాత్రం వెళ్లాల్సింది నువ్వే.”

రాశాను. పిలిచారు. తహసీల్దారు ముందు తల దించుకుని నా నివేదిక చదివాను. వెనక నుంచి మల్లమ్మ, “జర గట్టిగ చెప్పు బిడ్డా, నాకే ఇనబడ్తలేదు!” అంది. గదిలో అందరూ నవ్వారు. ఇంకోసారి చెప్పే ఓపిక లేక లెన్స్, మల్లమ్మ నాణెం, కుండలోది ఒకటి ఆయన ముందుకు తోశాను. ఆయన చాలాసేపు చూశారు. కొన్ని నెలల తర్వాత నాణెం ఆమెకు తిరిగి వచ్చిందని తెలిసింది.

అక్షరాలు నాణెం ఎవరు ముద్రించారో చెబుతాయి. ఆ తర్వాత అది ఎక్కడ బతికిందో అరుగుదలే చెబుతుంది. పదవీ విరమణ దాకా ప్రతి నివేదికలో రెండూ రాశాను. రెండోదాన్ని పైవాళ్లు చాలాసార్లు కొట్టేశారు.