అమ్మ పేరు చెప్పని ఆకు

పోయిన వారం ఒక పొద్దున ఆదోనిలో మా ఇంటి అరుగు మీద కూర్చొని, పెరటి ఆకుల గురించి పేపరులో ఎవరో రాసిన వ్యాసాన్ని మా ఆవిడకు చదివి వినిపిస్తూ, తులసికీ కామకస్తూరికీ తేడా తెలియనివాళ్లు కూడా రాతగాళ్లయిపోయారని మండిపడుతున్నాను. అంతలో చంకలో బిడ్డతో ఒకామె వచ్చి మెట్టు మీద నిలబడింది. పెద్దకడుబూరు నుంచి మొదటి బస్సుకే బయలుదేరి వచ్చిందట. బిడ్డకు నోరంతా పూసి, పెదవులు ఎర్రగా వాచి, ఏడవడానికి కూడా నోరు తెరవలేకుండా ఉంది.

"అవ్వ ల్యాదా తాతా?" అని అడిగింది.

అవ్వ అంటే మా అమ్మ. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. పేపరు మడిచి పక్కన పెట్టాను.

మన ఈడు వాళ్లకు ఆ రోజుల పెరళ్ల సంగతి చెప్పనక్కరలేదు. తాగే నీళ్లకే కరువున్న మా ఊళ్లో మొక్కలకని వేరే నీళ్లెక్కడివి? అందుకే అమ్మ ఇంటిల్లిపాదినీ పెరటి మూల ఒకే బండ మీద స్నానం చేయించేది. ఆ నీళ్లు ఒక సన్న కాలువగుండా కరివేపాకు చెట్టు మొదలు తడిపి, పుదీనలోకి పారి, వామాకు, మరువం దాటుకొని చివరికి గోడ వార గుబురుగా పెరిగిన ఏవేవో ఆకుల్లో ఇంకిపోయేవి. ఎవరైనా బండ దిగి పక్కన నిలబడి నీళ్లు పోసుకుంటే, మొక్కల నోటికాడ కూడు తీసినట్టు కేకలేసేది. మా నాన్న జిన్నింగు ఫ్యాక్టరీ నుంచి ఒళ్లంతా పత్తి నూగుతో వచ్చి ఆ బండ మీద కూర్చునేవాడు. పుదీనలో దూది తేలుతూ కనబడితే నాన్న ఇంట్లో ఉన్నట్టు లెక్క.

గోడ వారన ఉన్న ఆ గుబురులోనే ఎక్కడో ఉండేది అమ్మ మందు. చంటిబిడ్డలకు నోరు పూసిందంటే కోసిగి వైపు నుంచి కూడా ఎత్తుకొచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు వీధి వైపు తిరిగి కూర్చోవాలి. అమ్మ పెరట్లోకి పోయి ఒక ఆకు కాదు, నాలుగైదు రకాలు తెంపుకొచ్చేది. అందులో మందు ఒకటే, తక్కినవి చూసేవాళ్ల కన్ను తప్పించడానికి. అందరికీ వీపు పెట్టి కల్వంలో నూరి, పసరు పిండి, పిప్పి పొయ్యిలో వేసి, బెల్లం నీళ్లు కలిపి వేలితో బిడ్డ నోట్లో రాసేది. ప్రతిఫలంగా ఏదీ ముట్టేది కాదు. ఆకు పేరు మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. చెబితే ఆ మందు తన చేతిలో ఇక పారదని ఆమె నమ్మకం.

నేను బడికి పోయింది కొన్నాళ్లే. తక్కిన చదువంతా బొరుగులు కట్టిన కాగితాల మీద, ఫ్యాక్టరీలో పడేసిన పాత పేపర్ల మీద కూడబలుక్కున్నది. అందుకే తెలియనిది ఏదన్నా ఉందంటే నాకు ఒంటికి కారం రాసినట్టుండేది. ఒక రోజు అమ్మను పట్టుబట్టి అడిగాను.

"నీకు చెప్తే నువ్వు రాసిపెడ్తావురా," అంది అమ్మ. "రాస్తే అందురూ సదువుతారు. అందురూ సదివినాక నా సేతిలో ఏముంటాది, బూడిదనా?"

అక్షరం ముక్క రాని చెల్లెలికి చెప్పినా చెప్తుందేమో గానీ నాకు చెప్పదన్నమాట. చదువుకున్నందుకు నన్ను వెలివేసినట్టే అనిపించి ఆ పూట అన్నం మానేశాను. చెల్లెలికీ చెప్పలేదు, అది వేరే సంగతి. అమ్మ పెద్దదయ్యాక నేను మళ్లీ అడిగితే మెత్తబడింది. కానీ అప్పుడు ఒక బిడ్డకు మందు నడుస్తూ ఉండేది. ఈ పిల్లోనికి నయం కానీ, ఆ పైన చెప్తా అనేది. ఆ పిల్లవాడు లేచి తిరిగేలోపు ఇంకొక తల్లి మెట్టెక్కేది. నాకు చెప్పేస్తే ఆ బిడ్డకు పారదే అని అమ్మ బాధ. అలా అడ్డంపడిన బిడ్డలందరికీ నయం చేస్తూ, ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయింది.

పెద్దదినానికి బంధువులంతా దిగారు. వంటలకు పొయ్యిరాళ్లు పెట్టాలంటే పెరడు తప్ప జాగా లేదు. గోడ వార గడ్డి పెరిగిపోయిందని మా పిన్నమ్మ కొడుకులు పార తీసుకొని శుభ్రంగా చెక్కేశారు. పెద్దమ్మ దినం గొప్పగా జరగాలని చెమటోడ్చి చేసిన పని, వాళ్లననేందుకు నోరెలా వస్తుంది? ఎవరం ఏ ఆకునూ ఎరగం. అమ్మకు పెట్టిన పాయసం ఆ మందు మొక్క మొదలు మీదే ఉడికి ఉంటుంది. మర్నాడే ఒకాయన బిడ్డను భుజాన వేసుకొని వచ్చినప్పుడు గానీ మాకు తెలివి రాలేదు. ఆ బూడిదలో ఏదైనా మొలుస్తుందేమోనని రెండు వానలు చూశాను. గరిక మొలిచింది.

ఇదంతా పెద్దకడుబూరు ఆమెకు చెప్పాను. ఆమె నవ్వింది.

"కన్నకొడుకుకు తెలీదంటే ఎవరు నమ్మల్ల తాతా? సిన్నప్పుడు మాయమ్మ నన్ను ఈడికే ఎత్తుకొచ్చింది. రెండో దినానికే సంగటి తిన్నానంట. పేరు సెప్పొద్దులేప్పా, సెప్పగూడదని నాకు తెలుసు. నూరి ఇయ్యి సాలు."

అని, ఎవరూ చెప్పకుండానే వీధి వైపు తిరిగి, బిడ్డను ఒళ్లో సర్దుకొని కూర్చుంది. నేను ఆమె వీపు చూస్తూ నిలబడ్డాను.

"ఆ పసరు రుచి ఎట్లుండె మా? వగరా, సేదా?" అని అడిగాను, వెర్రివాడిలా.

"నన్నే పరీచ్చ సేస్తాండావా? తీపుండె. బెల్లం తీపు," అంది తిరగకుండానే.

లోపలి నుంచి మా ఆవిడ, "పేపరోనికి పాఠాలు చెప్తాంటివే, చెప్పు ఇప్పుడు," అని గొణిగి, దగ్గరికొచ్చి మెల్లగా, "ఇంత తులసాకు నూరి ఇయ్యి. నమ్ముకోనొచ్చింది పాపం," అంది.

ఒక్క క్షణం తులసి వైపు చేయి చాచబోయాను. కానీ అమ్మ చేతి మందని నమ్మి నోరు తెరిచే బిడ్డకు, నా చేతి అబద్ధం ఎలా రాయను? ఆటో పిలుస్తాను, పెద్దాసుపత్రికి నేనే తోడొస్తాను అన్నాను. అక్కడ ఇచ్చిన మందు అయిదు రోజులుగా వాడుతున్నానని, అందుకే ఇక్కడికొచ్చానని చెప్పి ఆమె ఇటు తిరిగి నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది. అయినా బతిమాలితే ఆటో ఎక్కింది. డాక్టరు మందు మార్చి రాశాడు. బస్టాండులో దింపుతుంటే కిటికీలోంచి వంగి, "కోపం సేసుకోవద్దు తాతా. నీకు మనసైనప్పుడే ఇద్దువు, మల్లా వస్తా," అంది.

ఇప్పుడు ఊరంతా డాబాల మీద కుండీలు. ఏ ఆకు దేనికి మంచిదో ఫోనులో ఎవరినడిగినా గడగడా చెబుతారు. పేరు దాచేవాళ్లు లేరు, మంచిదే, ఆ దాపరికం మీద నాకు ఇప్పటికీ మంటే. కానీ తెల్లవారకముందే బిడ్డనెత్తుకొని ఎవరి మెట్టెక్కాలో మాత్రం ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్క తల్లి మా ఇంటికొచ్చింది. ఆమె దృష్టిలో నేను అమ్మలాంటివాణ్ణి కాదు, మందు చేతిలో పెట్టుకొని పసిబిడ్డకు ఇవ్వని పిసినారిని. నా దగ్గర లేదని ఇంకెన్నిసార్లు చెప్పినా, ఆ మాట కూడా దాచుకోవడం లాగే వినబడుతుంది.