మూడో చరణం

పక్క తెర వెనక, హాలుకి కనపడని ఎత్తు స్టూలు మీద ఆమె పంతొమ్మిదేళ్లు కూర్చుంది. ఒళ్లో నాటకం ప్రతి, చెవి మీద పెన్సిలు. నటులు మాట మరిస్తే మొదటి ముక్క అందించడం ఆమె పని. నాటక సమాజంలో అందరూ ఆమెను గుసగుస అనేవారు.

సమాజం ఎక్కువగా ఆడేది పాటలతో నడిచే ఒక హాస్య నాటకం. ఒక వంటవాణ్ణి పెళ్లికొడుకు అనుకోవడంతో మొదలవుతుంది. వంటవాడి వేషం ఆమె బావది, అంటే అక్క భర్తది. నవ్వించడంలో దిట్ట; జ్ఞాపకం మాత్రం సున్నా.

ఆమె చేరిన ఆరో ఏడు ఒక ఆటలో, రెండో చరణం తర్వాత ఆయన గుడ్లప్పగించి నిలబడిపోయాడు. ఆమె పేజీ తిప్పింది. తర్వాతి కాగితం లేదు, ఊడి ఎక్కడో జారిపోయింది. హార్మోనియం ఒకే వరస తిప్పి తిప్పి మోగుతోంది. ఆమె తోచింది అందించింది.

"తాళం మరిచాను, గొళ్లెం మరిచాను, తలుపు తట్టి నీ పేరే మరిచాను."

హాలు విరగబడి నవ్వింది. అసలు చరణాన్ని మళ్లీ ఎవరూ అడగలేదు. ఆమె దీన్ని ప్రతిలో పెన్సిలుతో రాసుకుంది.

ఆ నాటకాన్ని సినిమాగా తీస్తూ వంటవాడి వేషం బావకే ఇచ్చారు. ప్రతి కోసం ఆయనే ఇంటికి వచ్చాడు.

"ఇస్తాను. చరణం నాదని తెర మీద పడాలి."

"పడకపోతే నా మీసం గొరిగించుకుంటా మరదలా!"

సినిమా మొదటి రోజు మ్యాట్నీకి అక్కతో కలిసి వెళ్లింది. పేర్లన్నీ పడ్డాయి. బట్టలు ఇస్త్రీ చేసినవాళ్ల పేరు కూడా పడింది. ఆమెది పడలేదు. పొరపాటేమో అనుకుంది. ఆదివారం రేడియోలో బావ మాట్లాడాడు. పాట మధ్యలో మరిచిపోయాడట, హార్మోనియం తిరుగుతూనే ఉందట, అప్పటికప్పుడు తనే చరణం కట్టేశాడట.

ఆమె తిన్నగా అక్క ఇంటికి వెళ్లింది. బావ గడ్డం గీసుకుంటున్నాడు. మీసం అలాగే ఉంది.

"అందులో నేనెక్కడున్నాను బావా?"

"కథలో ఇద్దరుంటే నవ్వు తగ్గుతుందే. నీకు తెలియనిదా?"

ఆమె అక్క వైపు చూసింది.

"ఆయనకు పేరొస్తే మనింటికి వచ్చినట్టు కాదూ?" అంది అక్క, తువ్వాలు మడతపెడుతూ. "రేడియోకి వెళ్లేముందు నన్ను అడిగాకే అలా చెప్పాడు."

సినిమా ఆడుతుండగానే సమాజం నాటకం మళ్లీ వేసింది. హాలు కిటకిటలాడింది. ఆమె స్టూలు మీద కూర్చుని, ఆ పాట రాగానే ప్రతి మూసేసింది. రెండో చరణం అయింది. బావ ఆగాడు. సినిమాలో ముక్కలు ముక్కలుగా పాడినవాడికి ఇక్కడ ఒక్క ముక్కా తోచలేదు. పక్క తెర వైపు చూశాడు. ఆమె పెదవులు బిగించింది. ఆయన మొహం పాలిపోవడం చూసింది. ఇంకొక్క క్షణం అనుకుంది.

"తాళం మరిచాను!" అని ముందు వరసలో ఎవరో అందుకున్నారు. గొళ్లెం దగ్గరకు వచ్చేసరికి హాలంతా పాడుతోంది.

బావ రెండు చేతులూ చాచి, వాళ్లతో కలిసి పాడి, వంగి దండం పెట్టాడు. చప్పట్లు ఆగలేదు.

తర్వాతి మాట పెళ్లికూతురు వేషం వేసిన అమ్మాయిది. కొత్తపిల్ల, తడబడుతుంది. గుసగుస ప్రతి తెరిచి, ఆ పేజీ వెతకడం మొదలుపెట్టింది.